రక్కసి తంగడి నుంచి పెనుకొండ దాకా: రాజ్యాలు యుద్ధంలోకి ఎట్లా జారతాయి?





లేపాక్షికి మీరు ఎన్నోసార్లు పోయుంటారు. నంది ముందర ఫోటో దిగుంటారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి అవతలికి లాగుంటారు. సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం దగ్గర నిలబడి, విరూపణ్ణ కళ్ల కథ గైడు చెబుతుంటే వినుంటారు. అచ్యుతరాయల కాలంలో, అంటే 1530 తర్వాతి సంవత్సరాల్లో, పెనుకొండ సీమ అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఆ గుడి కట్టించినారని చరిత్ర చెబుతుంది. ఆ రాళ్లు మోసినోళ్ల పేర్లు మాత్రం ఏ గోడ మీదా మనకు కనపడవు.

ఆ మధ్య ధమ్మ తరగతి పిల్లలను తీసుకుని లేపాక్షి, పెనుకొండ రెండూ చూసొచ్చినాం. పెనుకొండలో గగన్ మహల్ ముందర కూర్చుని బువ్వ తింటా ఉంటే ఒక పిల్లోడు అడిగినాడు: "అన్నా, ఇంత పెద్ద రాజ్యం ఒక్క యుద్ధంతో ఎట్లా పోయింది?" నేను నోరు తెరిచేలోపే ఇంకొకడు ఫోన్ తీసి, "తురకోళ్లంతా ఒకటై కూల్చేసినారు కదన్నా, వాట్సాప్‌లో వచ్చింది" అన్నాడు. మాతోపాటు ఒక దూదేకుల అమ్మాయి ఉంది, తన స్నేహితురాలితో కలిసి వచ్చింది. ఆ మాటకు ఆ పిల్ల తల దించుకుంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నాలుగున్నర శతాబ్దాల కిందట ముగిసిన యుద్ధం ఆ రోజు మా అన్నం గిన్నెల మధ్యకు వచ్చింది. అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాను. చెప్పాల్సిన జవాబు ఈ పాఠంలో రాస్తున్నాను.

1. ఏం జరిగింది?

1565 జనవరి 23. కృష్ణా నది ఒడ్డున రక్కసి, తంగడి అనే ఊళ్ల దగ్గర విజయనగర సైన్యం ఒక పక్క, బీజాపూర్, అహమ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానుల సైన్యాలు ఇంకో పక్క నిలబడినాయి. పుస్తకాల్లో దీన్ని తళ్లికోట యుద్ధం అంటారు. విజయనగరానికి పేరుకు రాజు సదాశివరాయలు. పెత్తనమంతా అళియ రామరాయలది. అప్పటికి ఆయన ముసలివాడు. యుద్ధంలో పట్టుబడినాడు, తల నరికినారు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు బతికి బయటపడి, సదాశివరాయలనూ ఖజానానూ తీసుకుని మన పెనుకొండకు చేరినాడు. హంపీ నగరాన్ని నెలల తరబడి కొల్లగొట్టినారు. పెనుకొండ రాజధాని అయింది.

అంటే యుద్ధం జరిగింది కృష్ణ ఒడ్డున. దాని బరువు వచ్చి పడింది మన కొండ మీద. తర్వాతి సంవత్సరాల్లో బీజాపూర్ సేనలు పెనుకొండనూ ముట్టడించినాయి. రాజధాని చంద్రగిరికి పోయింది. సైన్యాలు నడిచిన దారిలో పంటలు ఏమై ఉంటాయో, ఎడ్లు, గింజలు ఎవరింట్లో నుంచి పోయుంటాయో సేద్యం చేసినోళ్లకు చెప్పాల్సిన పని లేదు.

2. మతమే కారణమా?

ఒక్కో సంగతి పక్కపక్కన పెట్టి చూద్దాం.

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా చిన్నతనంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చి తలదాచుకున్నది ఎక్కడ? విజయనగరంలో. సుమారు ఏడేళ్లు రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు కవులను పోషించినాడు. మన కవులు ఆయనను ముద్దుగా మల్కిభరాముడు అన్నారు. అదే మల్కిభరాముడు 1565లో రామరాయల ఎదుటి పక్షాన నిలబడినాడు.

బీజాపూర్ అలీ ఆదిల్‌షా అంతకు కొన్నేళ్ల ముందు రామరాయలతో చేతులు కలిపి, తోటి ముస్లిం రాజ్యమైన అహమ్మద్‌నగర్ మీదికి దండెత్తినాడు. దానికీ ముందు రామరాయలు అహమ్మద్‌నగర్‌తో కలిసి బీజాపూర్ మీదికి పోయినాడు. విజయనగర సైన్యంలో ముస్లిం దళాలు ఉండేవి. సుల్తానుల కొలువులో మరాఠా, తెలుగు హిందూ సర్దారులు ఉండేవారు.

మతం పేరు వాడుకోలేదని నేను చెప్పడం లేదు. వాడుకున్నారు. యుద్ధానికి జనాన్ని లేపాలంటే ఏదో ఒక జెండా కావాలి. జెండా వేరు, కారణం వేరు. మతమే కారణమైతే ఇరవై ఏళ్ల పాటు ఆ పొత్తులు అట్లా అటూ ఇటూ మారి ఉండేవి కావు.

మరి అసలు కారణం ఏంది? ఒక్కటి కాదు, ఐదు మెట్లు. ఏ మెట్టు మీదా "పెద్ద యుద్ధం చేద్దాం" అని ఎవరూ అనుకోలేదు. ఒక్కో మెట్టు దిగేటప్పుడు దిగినోడికి అది న్యాయంగానే తోచింది.

3. ఐదు మెట్లు

మొదటి మెట్టు తృష్ణ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉండే రాయచూరు అంతర్వేది మంచి పంట భూమి. బహమనీ సుల్తానుల కాలం నుంచి రెండు వందల ఏళ్లు దాని కోసం కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచినాడు. గెలిచినోడికి కాపలా పని మొదలైంది, ఓడినోడికి తిరిగి తీసుకోవాలనే పని మొదలైంది.

రెండో మెట్టు భయం. దీన్ని మన అనంతపురం సీమోళ్లకు బోరుబావితో చెబితే చాలు. నా చెనక్కాయ చేను పక్కన ఇంకొకాయన చేను. ఆయన మూడు వందల అడుగులు బోరేసినాడు. నా నీళ్లు పోతాయని నేను ఐదు వందలు వేసినా. నాకు ఆయన మీద పగ లేదు, నా పంట కాపాడుకోవడమే. కానీ ఆయనకు అది దాడిలాగే కనపడింది. ఆయన ఎనిమిది వందలు వేసినాడు. చివరికి రెండు బోర్లూ ఎండిపోయినాయి, రెండిళ్లలోనూ అప్పు మిగిలింది. ఇద్దరిలో చెడ్డవాడు ఎవడు? ఎవడూ కాదు. ఇది మా ఇంటి కథే, కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

రాజ్యాలూ ఇంతే. నేను కోట కట్టుకుంటే నాకు అది రక్షణ, నీకు అది బెదిరింపు. రామరాయలు సుల్తానులు ఒకరితో ఒకరు కొట్టుకుంటా ఉంటే తన రాజ్యం క్షేమంగా ఉంటుందని లెక్కేసినాడు. ఈ ఏడు వీనికి సాయం, మరుసటేడు వానికి సాయం. ఆ లెక్క ఇరవై ఏళ్లు పనిచేసింది. అది పనిచేసినందువల్లే ఆయన అందరికీ భయంకరుడైనాడు. వాళ్లలో వాళ్లకు ఉన్న పగ కన్నా ఆయన మీద భయం పెద్దదైన రోజున అందరూ ఒకటైనారు.

మూడో మెట్టు మానం. పాళీలో మానం అంటే "నేను ఎక్కువ, నువ్వు తక్కువ" అనే అహం. అహమ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా ఓడిపోయి సంధికి వచ్చినప్పటి ముచ్చట ఒకటి పాత పర్షియన్ చరిత్రల్లో ఉంది. రామరాయలు కూర్చున్నచోటు నుంచి లేవకుండానే చెయ్యి అందించినాడంట. నిజాంషా ఆ చెయ్యి తాకి, వెంటనే అందరి ముందరా నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడంట. అది చూసి రామరాయలూ మండిపడి, తానూ నీళ్లు తెప్పించుకుని కడుక్కున్నాడంట.

ఆ ముచ్చట అక్షరాలా జరిగిందో, తర్వాత అల్లినారో పక్కన పెట్టండి. చేతులు కడుక్కోవడం అంటే ఏందో మనకంటే బాగా తెలిసినోళ్లు ఎవరు? వేరే గ్లాసు, దూరం నుంచి పోసే నీళ్లు, మన చెయ్యి తగిలితే ముఖం మాడ్చుకోవడం, ఇవన్నీ మన తాతలు చూసినారు, కొన్ని మనమూ చూసినాం. ఇద్దరు రాజులు ఒక్క పూట ఆ అవమానాన్ని ఓర్చుకోలేక వేలమందిని చంపుకునే దాకా పోయినారు. తరతరాలు అదే అవమానం ఓర్చుకున్న మన జాతి కత్తి పట్టకుండా 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట ధమ్మం పట్టింది. ఎవరిది వీరత్వమో మీరే చెప్పండి.

నాలుగో మెట్టు ముడి. రామరాయల మీదికి పోవాలంటే బీజాపూర్, అహమ్మద్‌నగర్ కలవాలి. పెళ్లిళ్లతో కలిసినారు. హుసేన్ కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్‌షాకు ఇచ్చి, ఇద్దరూ కొట్టుకుంటున్న షోలాపూర్ కోటను కట్నంగా రాసిచ్చినారు. అలీ చెల్లెలిని హుసేన్ కొడుక్కు చేసుకున్నారు. ముడి పడినాక ఒకడు కదిలితే అందరూ కదలాల్సిందే. వెనక్కి తగ్గుదామని ఒకడికి అనిపించినా మిగతావాళ్లు ఊరుకోరు.

ఐదో మెట్టు మోహం, అంటే తనను తాను మోసం చేసుకోవడం. "మాకేమవుతుంది? ఎప్పుడూ మేమే గెలిచినాం" అని అనుకోవడం. అంతకు ముందు ఎన్ని గొడవలు చర్చలతో చల్లారినా, ఎన్ని యుద్ధాలు చిన్నవిగా ముగిసినా, ఈసారీ అట్లాగే అవుతుందని అనుకుంటారు. ఆ ఐదో మెట్టు కింద ఇంక మెట్టు ఉండదు.

4. ఇది ఒక్క మన కథే కాదు

1914 జూన్ 28న సారాయేవోలో ఆస్ట్రియా యువరాజును ఒక యువకుడు కాల్చి చంపినాడు. నెల రోజులకు, జూలై 28న, ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. సెర్బియా కోసం రష్యా సైన్యాన్ని కదిలించింది. రష్యాకు భయపడి జర్మనీ కదిలింది. రష్యాతో ఒప్పందం ఉన్న ఫ్రాన్సు కదలక తప్పలేదు. బెల్జియం మీదుగా జర్మనీ నడిస్తే ఆగస్టు 4న బ్రిటన్ దిగింది. భయం, మానం, ముడి, మోహం, వరసగా అవే మెట్లు. కొద్ది నెలల్లో ఇంటికి వస్తామనుకున్నారు, నాలుగేళ్లు పట్టింది. సుమారు 90 లక్షల మంది సైనికులు చచ్చిపోయినారు.

వాళ్లలో మనోళ్లూ ఉన్నారు. ఆ యుద్ధానికి ఇండియా నుంచి పది లక్షలకు పైగా మంది సముద్రం దాటి పోయినారు, 70 వేలకు పైగా తిరిగి రాలేదు. అంతకు ముందు అంటరానోళ్లని మహర్లకు సైన్యం తలుపులు మూసిన బ్రిటిష్ ప్రభుత్వం, మనుషులు చాలక 1917లో మహర్ దళం పెట్టింది. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకే దాన్ని రద్దు చేసింది. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్ అని మీకు తెలుసు. చావడానికి పనికొచ్చి, పక్కన కూర్చోడానికి పనికిరాకపోవడం ఏందో ఆ ఇంటికి తెలుసు.

5. బుద్ధుడు చూపిన గొలుసు

దీఘ నికాయంలో మహానిదాన సుత్తం ఉంది. అందులో భగవానుడు ఆనందుడికి ఒక గొలుసు విప్పి చూపిస్తాడు. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను.

తృష్ణ వల్ల వెతుకులాట. వెతుకులాట వల్ల దొరకడం. దొరికినాక ఇది నాకెంత, నీకెంత అనే లెక్క. లెక్క వల్ల ఆశ. ఆశ వల్ల అంటిపెట్టుకోవడం. దాని వల్ల "నాది" అనడం. "నాది" అంటే పిసినారితనం. పిసినారితనం వల్ల కాపలా. కాపలా వల్ల కర్ర, కత్తి, తగాదా, నువ్వెంతంటే నువ్వెంత, చాడీ, అబద్ధం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కత్తి గొలుసు చివర ఉంది. దానికి ముందు మెట్టు కోపం కాదు, కాపలా. ఎవరినైనా అడగండి, "మేము దాడి చేయడం లేదు, మాది మేము కాపాడుకుంటున్నాం" అనే చెబుతారు. రెండు పక్కలా అదే మాట. అందుకే కత్తి లేచినాక ఆపడం కష్టం. గొలుసును ముందరే తెంపాలి.

కోసల రాజు పసేనది, మగధ రాజు అజాతశత్రువు కాశీ కోసం కొట్టుకున్నప్పుడు మొదటిసారి పసేనది ఓడినాడు, రెండోసారి గెలిచినాడు. రెండుసార్లూ బుద్ధుడు గెలుపును మెచ్చుకోలేదు. గెలుపు పగను కంటుందనీ, ఓడినోడికి నిద్ర ఉండదనీ, కొల్లగొట్టినోడు కొల్లబోతాడనీ చెప్పినాడు. దక్కనులో జరిగింది చూడండి. 1565లో గెలిచిన సుల్తానులు మళ్లీ ఒకరి మీద ఒకరు పడినారు. అహమ్మద్‌నగర్‌ను మొఘలులు మింగినారు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయినాయి. రక్కసి తంగడిలో నిజంగా గెలిచినోడు ఎవడు?

6. రోహిణి నది, కృష్ణా నది

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణం మనకు తెలుసు. ముసలాయన, రోగి, శవం అనే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ తగాదా వచ్చింది. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధ తీర్మానం పెట్టినాడు. సిద్ధార్థుడు లేచి కాదన్నాడు. మన తరపున ఇద్దరు, వాళ్ల తరపున ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న ఐదోవాడు, ఈ ఐదుగురూ కూర్చుని తేల్చాలని సవరణ పెట్టినాడు. ఓటింగులో ఓడిపోయినాడు. ఓడినా యుద్ధానికి ఒప్పుకోలేదు. ఇంటివాళ్లకు వెలి, భూముల జప్తు శిక్షగా పడకుండా తానే పరివ్రాజకుడై వెళ్లిపోయినాడు.

ఆ సవరణ చిన్నదిగా కనపడుతుంది. దాని విలువ మన కాలంలోనే చూసినాం. 2015 ఫిబ్రవరిలోనూ, 2023 నవంబర్‌లోనూ నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడినారు. ఒకే భాష, ఒకే నది. మతం లేదు, దేశం తేడా లేదు. అయినా తోపులాట దాకా పోయింది. అది అక్కడితో ఆగిందంటే మన మంచితనం వల్ల కాదు. ట్రిబ్యునలూ, నది బోర్డూ, కోర్టూ, కేంద్రమూ ఉన్నాయి కాబట్టి. సిద్ధార్థుడు అడిగిన ఐదుగురి పంచాయితీ ఈ రోజు ఆ రూపంలో ఉంది. రక్కసి తంగడి పక్కన పారేదీ కృష్ణే, హంద్రీ-నీవా కాలువలో మన సీమకు వచ్చేదీ కృష్ణే. అప్పుడు పంచాయితీ లేదు, ఇప్పుడు ఉంది. తేడా అంతే.

7. ఎర్రగుడి బండ ఏం చెబుతుంది?

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. లేపాక్షికి పోయినంతమంది అక్కడికి పోరు. మనం పోవాలి. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చినారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించినారనీ, అంతకు ఎన్నో రెట్లు జనం తర్వాత నశించినారనీ, దానికి తాను బాధపడుతున్నాననీ గెలిచిన రాజే చెక్కించినాడు. తన కొడుకులూ మనవళ్లూ కొత్త దండయాత్రలు తలచకూడదన్నాడు.

అశోకుడిని దేవుణ్ణి చేయొద్దు. ఆయన కళింగను తిరిగి ఇచ్చేయలేదు, అడవి జాతులకు హెచ్చరికలు చేయడమూ మానలేదు. అయినా గెలిచినాక తన గెలుపు లెక్కను చచ్చినోళ్ల సంఖ్యతో రాయించిన రాజు చరిత్రలో చాలా అరుదు.

8. మీకు రావాల్సిన సందేహం

"అన్నా, అయితే ఎవడైనా మీదికొస్తే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

లేదు. బాబాసాహెబ్ ఈ సంగతి తేటగా చెప్పినాడు. చంపాలనే కోరిక వేరు, తప్పనిసరి పరిస్థితి వేరు. బుద్ధుడు మొదటిదాన్ని నిషేధించినాడు. అందరి మీదా మైత్రి పెంచుకో, అప్పుడు చంపాలనే తలపే రాదన్నాడు. దేశాన్ని కాపాడే సైనికుడిని మనం గౌరవిస్తాం. 2025 మేలో సరిహద్దుల్లో కాల్పులు జరిగినప్పుడు మన జిల్లా తండా బిడ్డ ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. టీవీ స్టూడియోల్లో "కొట్టండి, ఇంకా కొట్టండి" అని అరిచినోళ్ల ఇళ్లల్లో ఆ రోజు పొయ్యి ఆరలేదు. ఆ తండాలో ఆరింది. సైనికుడిని గౌరవించడమంటే ఆయన చావును అడిగే కేకలో గొంతు కలపకపోవడం. యుద్ధం తప్పనిసరా కాదా అనే ప్రశ్న ప్రతిసారీ అడగడం.

దేశాల మధ్య తగాదా అప్పుడప్పుడూ వస్తుంది, వర్గాల మధ్య తగాదా రోజూ ఉంటుంది, దానికి విరుగుడు వెతకాలని సిద్ధార్థుడు తిరిగి ఇంటికి పోకుండా ముందుకు నడిచినాడని బాబాసాహెబ్ రాసినాడు. ఊళ్లో వెలివాడ ఉన్నంత కాలం యుద్ధపు విత్తనం మన మధ్యే ఉన్నట్టు.

9. ఈ నెల అభ్యాసం

ఒకటి. మీ గట్టు తగాదా, బోరు తగాదా, మగ్గం కూలి తగాదా ఏదైనా ఒకటి తీసుకోండి. ఐదు మెట్లలో ఎక్కడ ఉన్నారో కాగితం మీద రాసుకోండి. అవతలి మనిషి భయం ఏందో కూడా రాయండి.

రెండు. పగ రేపే మెసేజ్ ఫోన్లోకి వస్తే పంపించే ముందు ఒక రోజు ఆపండి. వాచక శీలం అంటే ఫోన్ కూడా నోరే.

మూడు. రచ్చకట్ట మీద తగాదా వస్తే, ఇద్దరు, ఇద్దరు, ఐదోవాడు అనే సిద్ధార్థుడి సవరణ మీరు పెట్టండి. ఓడిపోయినా పెట్టండి. ఆయనా ఓడిపోయినాడు.

చర్చకు ప్రశ్నలు: గొలుసులో ఏ కొక్కెం తెంపడం మనకు సాధ్యం? కాపలాకూ దాడికీ గీత ఎక్కడ? మన వాడలో ఉపకులాల మధ్య "నేను ఎక్కువ" అనే మానం ఏ రూపంలో ఉంది?

చివరిగా ఆ దూదేకుల అమ్మాయి సంగతి. మరుసటి నెల తరగతికి ఈ పాఠం చిత్తుప్రతి చదివినప్పుడు ఆ పిల్లను పిలిపించినాను. మల్కిభరాముడి కథ అయినాక, ఫోన్ చూపించిన పిల్లోడు లేచి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని, "నాకు తెలీదు, తప్పయింది" అన్నాడు. ఆ పిల్ల "ఉండనీలే" అంది. అంతే జరిగింది. రక్కసి తంగడి యుద్ధం మా తరగతిలో ఆ రోజు ముగిసింది. మీ ఊళ్లో ఇంకా ముగియకపోతే, ముగించే పని మీది.

జై భీమ్. నమో బుద్ధాయ.